ఆవిడ కొలతలు

జూన్ 3, మంగళవారం

గుండీల దుకాణంవాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఐదు నెలలుగా మిషను సొరుగులో బాబిన్ల కింద పడి ఉంది. ఇవాళ బయటికి తీశాను. పెద్ద కారణమేమీ లేదు. పొద్దున్నించీ కొట్టుకొచ్చిన ఇద్దరితో "శనివారం రండి", "కాలరు మార్చాలి" అన్న మాటలు తప్ప నోరు విప్పలేదని సాయంత్రం టీ తాగుతుంటే తోచింది.

మా ఆవిడ తన చెల్లెలి ఊరికి వెళ్ళి ఇవాళ్టికి నలభై రెండు రోజులు. మా మరదలు తన మొక్కల నర్సరీలో కాలు జారి పడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఒంటరి మనిషి. అక్క తోడు వెళ్ళక ఎవరు వెళతారు? నెలన్నారు. కట్టు విప్పేసి పది రోజులైందని మా అమ్మాయి మొన్న ఫోనులో చెప్పింది. విప్పినా చెయ్యి స్వాధీనంలోకి రావడానికి టైము పడుతుంది కదా. అందుకే ఉండిపోయి ఉంటుంది.

నాకేం ఇబ్బంది లేదు. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. రెండడుగులు వేస్తే వంట, రెండడుగులు వేస్తే మిషను.

జూన్ 4, బుధవారం

టీలో పంచదార ఎక్కువైంది. ఇద్దరికి వేసే చెయ్యి.

జూన్ 7, శనివారం

మధ్యాహ్నం వాన. అటక మీంచి చుక్కలు పడుతుంటే నిచ్చెన వేసి ఎక్కాను. రేకు పెట్టె ఒకటి సరిగ్గా కారేచోటే ఉంది. కిందికి దించి, లోపల తడిసిందేమో చూద్దామని మూత తీశాను.

అన్నీ గుడ్డలు. కుట్టని గుడ్డలు. పదకొండు ముక్కలు, ఒక్కోటీ ఇస్త్రీ మడత నలగకుండా పాత దినపత్రికలో చుట్టి ఉన్నాయి. ఆవిడ గుడ్డలు దాస్తుందని నాకు తెలుసు. ఇన్ని అని తెలియదు. ప్రతి మడతకీ గుండుసూదితో ఒక చీటీ. ఆవిడ గుండ్రటి రాతలో ఏది దేనికో రాసి ఉంది. "ఇంట్లోకి, ఒదులు చొక్కా." "పైజమా, బొందుతో." "పొడుగు గౌను, చేతులు మోచేతి దాకా." అన్నిటి కిందా ఒకే మాట:

"మాస్టారికి తీరికైనప్పుడు."

మాస్టారంటే నేనే. ఊళ్ళో అందరూ కటింగు మాస్టారంటారు. పెళ్ళైన కొత్తలో ఆవిడ వెక్కిరింతగా పిలవడం మొదలుపెట్టింది, తర్వాత అదే నిలిచిపోయింది.

నవ్వొచ్చింది మొదట. తర్వాత చీటీలన్నీ లెక్కపెట్టాను. తడిసింది ఒక్క ముక్కే. మిగతావి మళ్ళీ పెట్టెలో పెట్టబుద్ధి కాలేదు. అటక ఇంకా కారుతోంది.

జూన్ 8, ఆదివారం

కొట్టు సెలవు. ముక్కలన్నీ మంచం మీద పరిచాను.

ఆవపువ్వు రంగు పాప్లిన్ ముక్క చూడగానే మేం మొదట కాపురం పెట్టిన గది కళ్ళ ముందు నిలబడింది. ఒకటే కిటికీ. ఆ కిటికీ కింద మిషను. పగలు దానిమీద కుట్టేవాణ్ణి, భోజనాల వేళకి ఆవిడ తడిగుడ్డతో తుడిచి కంచాలు పెట్టేది. అమ్మాయి మిషను కింద గుడ్డ పీలికల్లో పడుకునేది. నేను తొక్కుతుంటే చప్పుడుకి నిద్రపోయేది, ఆపితే లేచి ఏడ్చేది. "మీరు ఆపకండి, నా వంటయ్యేదాకా తొక్కండి" అనేది ఆవిడ. గుడ్డ అయిపోయినా ఉత్తి మిషను తొక్కిన రోజులున్నాయి.

గళ్ళ గుడ్డ అమ్మాయి బడి గౌనులో మిగిలింది. లేత చందనం రంగు దళసరి నూలు గుడ్డ రెండో ఇంటి కర్టెన్లకని కొన్నది. ఆ ఇంటి కిటికీలు ఇంతంత పొడుగు. కుట్టేలోపే ఈ ఇంటికి మారాం. ఇక్కడి కిటికీలు పొట్టివి.

చివరిది నీలం గుడ్డ. నీలం మీద తెల్ల చుక్కలు, మిరియపు గింజంత. ఇది దేనికో చీటీ చూడక్కర్లేదు. పెళ్ళైన ఏడాది మిల్లులో కట్‌పీసులు అమ్ముతున్నారంటే ఇద్దరం వెళ్ళాం. గేటు బయట పెద్ద వరస. వాన. ఒకటే గొడుగు. ఆవిడ నా భుజం దాకా వచ్చేది, గొడుగు నేను పట్టుకుంటే జల్లంతా ఆవిడ మీదే. "మీ ఎత్తు మీకు బానే ఉంది" అని గొడుగు లాక్కుని తను పట్టుకుంది, అప్పుడు నా తల తడిసింది. లోపల గుట్టలో చెయ్యి పెట్టి ఈ ముక్క లాగింది. నాలుగు మీటర్లు. చెంపకి ఆనించుకుని, "ఎంత మెత్తగా ఉందో, ఇది బయటికి వద్దు, ఇంట్లో వేసుకుంటా" అంది. "కొత్త మిషను మీద మొదట కుట్టేది ఇదే" అన్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళు.

ఇప్పుడిందులో రెండు మీటర్లు కూడా లేదు. మిగతాది ఏమైందో నాకు తెలుసు. తర్వాత రాస్తాను.

జూన్ 11, బుధవారం

ఈ గుడ్డలు ఇలాగే ఉంచితే మడతల దగ్గర చీకిపోతాయి. అందుకే కుట్టేద్దామనుకున్నాను. వేరే ఉద్దేశమేం లేదు.

మొదట ఆవపువ్వు పాప్లిన్. బకెట్లో నానబెట్టి, పెరట్లో ఆరేసి, తడి పూర్తిగా పోకముందే ఇస్త్రీ చేశాను. ఇంట్లో వేసుకునేదానికి గుడ్డ ముందే ముడుచుకోవాలి, తర్వాత కాదు. ఒదులు చొక్కా, బొందు పైజమా. చొక్కాకి కాలరు లేదు, మెడ చుట్టూ సన్నటి పట్టీ. చేతులు భుజం దగ్గర బిగుతుగా కాకుండా చొక్కాతో కలిసి కిందికి జారేలా వేశాను. కూర చెయ్యడానికి చెయ్యెత్తినా చంక దగ్గర పట్టకూడదు.

కొలతలంటారా, నాకు టేపక్కర్లేదు. కొట్టు మెట్టెక్కే మనిషిని చూసి ఛాతీ చెప్పేస్తాను. అరంగుళం తేడా రాదు. ఆవిడ నాకు కొత్తా? కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. సుద్దముక్క గుడ్డ మీద పెట్టగానే చెయ్యి దానంతటదే నడిచింది.

జూన్ 12, గురువారం

అమ్మాయి ఫోను చేసింది.

"మిషను చప్పుడొస్తోంది. ఏం కుడుతున్నావు నాన్నా?"

"కర్టెన్లు."

"ఎవరికి?"

"మనకే."

"మన కిటికీలకి కర్టెన్లున్నాయిగా నాన్నా."

"పాతబడ్డాయి. నువ్వు భోంచేశావా?" అన్నాను.

కూతురు అడిగితే అబద్ధం చెప్పాల్సినంత పని నేనేం చేస్తున్నాను? గుడ్డలు కుడుతున్నాను. టైలరు గుడ్డలు కుట్టక ఏం కుడతాడు.

జూన్ 14, శనివారం

అయిపోయింది. ఎంత బాగా వచ్చిందంటే కాసేపు తలుపు వెనక కొక్కేనికి తగిలించి కూర్చుని చూశాను. చొక్కాకి నాలుగు కాజాలు నేనే వేశాను. ముప్పై ఏళ్ళుగా నా చేతి బట్టల్లో ప్రతి గుండీకీ కాజా వేసింది ఆవిడ చెయ్యే. నావి ఆవిడ వేసినంత దగ్గరగా రాలేదు. అయినా ఇంట్లో వేసుకునేదేగా.

మరదలి ఊరికి వెళ్ళే బస్సు కండక్టరు మా ఖాతాదారుడే. ఖాకీ పంట్లాలన్నీ నా దగ్గరే. పొద్దున బస్సు స్టాండులో అతనికి పొట్లం ఇచ్చి, నర్సరీ ముందే ఆగుతుంది కదా, మా వాళ్ళకి అందించమన్నాను.

"ఏముంది మాస్టారూ ఇందులో?"

"బట్టలు."

"అమ్మగారికా? అదీ సంగతి! మేం రెండు మూడు వారాలాగుతాం, అమ్మగారికి ఇంటికే పార్సెలా?" అని కుడిచెయ్యి జేబులో పెట్టి విజిలు తీశాడు. ఆ జేబు వైపు నేను చూడలేదు.

జూన్ 15, ఆదివారం

ఫోను మోగలేదు. ఆవిడ ముందు వేసుకుని చూసుకుంటుంది కదా.

జూన్ 16, సోమవారం

కండక్టరు సాయంత్రం పొట్లం తిరిగి తెచ్చిచ్చాడు. "అమ్మగారు ఇచ్చేయమన్నారు మాస్టారూ" అన్నాడు. ఎప్పుడూ నోరు మూతపడని మనిషి, ఇవాళ ఒక్క జోకు వెయ్యలేదు.

మడత విప్పాను. చొక్కాకి గుండుసూదితో చీటీ.

"ఇది ఎవరికి కుట్టారు?"

జూన్ 17, మంగళవారం

కుట్టలేదు. కొట్టు తెరిచి కూర్చున్నాను.

మధ్యాహ్నం మరదలు ఫోను చేసింది. ఆ పిల్లకి నవ్వాపుకోవడం చేతకాదు.

"బావా! ఏం కుట్టావయ్యా! అక్క చెయ్యి దూర్చింది, భుజం దగ్గరే ఆగిపోయింది. పైజమా అయితే నాక్కూడా పట్టదు."

"ఒదులుగానే వేశానే."

"ఒదులే బావా, ఇరవై రెండేళ్ళ పిల్లకి. మీ పెళ్ళప్పుడు మా అక్క వేసుకుంటే అందులో ఇంకో మనిషి పట్టేది." నవ్వు ఆగింది. "అక్క నవ్వలేదు బావా. చాలాసేపు ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. తర్వాత చీటీ రాసింది."

ఫోను పెట్టేశాక టేపు తీసి నేను కుట్టినదాన్ని నేనే కొలిచాను. ఛాతీ ముప్పై రెండుకి ఒదులు. గొడుగు కింద నిలబడ్డ మనిషి కొలత అది. నా చెయ్యి ఆ మనిషికే కుట్టింది. ఆ తర్వాత మనిషి కొలత నా దగ్గర లేదు.

కొట్టుకొచ్చే ఆడవాళ్ళ కొలతలు ఆవిడే తీసేది. మగవాళ్ళవి నేను తీస్తూ అంకెలు చెబుతుంటే పుస్తకంలో ఆవిడ రాసేది. ఊరందరి నడుములూ భుజాలూ ఆ పుస్తకాల్లో ఉన్నాయి, ఎనిమిది పుస్తకాలు. చీకటిపడేదాకా అన్నీ తిరగేశాను. ఆవిడ పేజీ లేదు.

జూన్ 18, బుధవారం

రాస్తానన్నది రాసేస్తాను.

మార్చి నెలలో కండక్టరు ఖాకీ పంట్లాం అర్జంటన్నాడు. మర్నాడు పొద్దున డ్యూటీ. అంతా అయ్యాక చూస్తే జేబు లోపలికి లైనింగు గుడ్డ లేదు. దుకాణాలు మూసేశారు. ఆవిడ చుట్టాలింటికి వెళ్ళింది. అటకెక్కి చేతికందిన పెట్టె తెరిచి, చేతికందిన గుడ్డ తీశాను. నీలం మీద తెల్ల చుక్కలు. గుర్తుపట్టలేదని రాద్దామనుకున్నాను. గుర్తుపట్టాను. "ఇన్నేళ్ళూ కుట్టనిది ఇంకెప్పుడు కుడతాను" అనుకుని కత్తెర వేశాను. జేబు లోపలే కదా, ఎవరు చూస్తారు. జేబులకి కావలసింది మూరెడు. నిలువుగా కోసి మిగతాది పీలికలు చేసి పారేశాను, తొందరలో.

ఏప్రిల్‌లో కండక్టరు కొట్టుకొచ్చాడు. ఆవిడ గుమ్మం దగ్గర కూర్చుని కాజాలు వేస్తోంది. అతను చేతిరుమాలు లాగితే దాంతోపాటు జేబు బయటికొచ్చి వేలాడింది. నీలం మీద తెల్ల చుక్కలు. ఆవిడ సూది ఆగింది. అతను నవ్వుతూ లోపలికి తోసుకుని, "మాస్టారు జేబుక్కూడా షోకు చేశారమ్మా" అన్నాడు.

ఆవిడ చేతిలో ఉన్న కాజా పూర్తి చేసి, దారం తెంపి, సూది దిండుకి గుచ్చి లోపలికెళ్ళింది. నేను ఆ రోజు పన్లో మునిగినట్టు నటించాను. రెండో రోజు మరదలు పడిందని ఫోను. మూడో రోజు బస్సెక్కింది.

మణికట్టు వల్లే వెళ్ళిందని నలభై రోజులు నాకు నేను చెప్పుకున్నాను. ఇక్కడ కూడా అదే రాసుకున్నాను, ఎవరూ చదవని పుస్తకంలో.

జూన్ 20, శుక్రవారం

కండక్టరు ఇంటికి వెళ్ళాను. డ్యూటీ దిగి బనీనుతో గడప మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు.

"మీ ఖాకీ పంట్లాం ఒకసారి ఇస్తారా? జేబులు మార్చాలి."

"చిరగలేదే మాస్టారూ."

"చిరక్కపోయినా."

"బావున్న జేబులు తీసేసి మళ్ళీ జేబులు పెడతారా? పంట్లాం మీద ఏమైనా కేసుందా?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ గుడ్డ మా ఆవిడదని, అడక్కుండా తీశానని. వినేకొద్దీ అతని మొహంలో నవ్వు తగ్గింది. లోపలికెళ్ళి పంట్లాం తెచ్చి, జేబుల్లోంచి విజిలు, పెన్ను, నలిగిన టికెట్లు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు.

"నాలుగు నెలలు ఆవిడ గుడ్డలో చెయ్యి పెట్టుకు తిరిగాను మాస్టారూ, నాక్కూడా పాపం అంటుతుందా ఏం?" అన్నాడు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "మూడు నెలల్లెండి. డ్యూటీలో ఎడం జేబు ఎక్కువ వాడను, అది కాస్త బావుంటుంది" అన్నాడు.

అక్కడే గడప మీద కూర్చుని కుట్లు విప్పాను. తెల్ల లైనింగు తీసుకెళ్ళాను, అతను చూస్తుండగానే చేత్తో వేసిచ్చాను. కుడి జేబు ముక్క మీద పెన్ను సిరా మరక, అడుగున విజిలు రాసుకుని పల్చబడింది. ఎడమది ఇంకా మెత్తగా ఉంది. రెండూ ఉతికి ఆరేశాను. సిరా పోలేదు.

జూన్ 22, ఆదివారం

మొదటి బస్సెక్కాను. సంచిలో టేపు, సుద్ద, పెట్టెలోని గుడ్డలన్నీ, రెండు జేబు ముక్కలు. కండక్టరు చూసి కిటికీ పక్క సీటు ఖాళీ చేయించాడు.

నర్సరీ గేటు తెరిచే ఉంది. నల్ల సంచుల్లో మొక్కలు బారులు తీరి ఉన్నాయి. ఆవిడ నీళ్ళ పైపు భుజాన వేసుకుని నాకు వీపు చేసి నిలబడి ఉంది. ఎవరిదో పెద్ద మగ చొక్కా చీర మీద తొడుక్కుంది, చేతులు పైకి మడిచింది, మోకాళ్ళ దాకా మట్టి. ఎవరో దంపతులు వచ్చారు, వాళ్ళకి ఏ మొక్క ఎండలో పెట్టాలో ఏది నీడలో పెట్టాలో గడగడా చెబుతోంది. ఆ గొంతు నేను విని ఎన్నాళ్ళయిందో. ఇంట్లో నాతో మాట్లాడే గొంతు కాదది. పాత గదిలో "మీరు ఆపకండి" అన్న గొంతు.

వాళ్ళు వెళ్ళాక తిరిగి చూసింది.

"టిఫిను చేశారా?" అంది, నిన్నే విడిపోయినట్టు.

"లేదు."

"రండి."

షెడ్డులో మరదలు ఎడంచేత్తో విత్తనాల పొట్లాలు కడుతోంది. నన్ను చూసి, "నీళ్ళు పట్టాలి బాబూ నేను" అని లేచింది. ఆవిడ "కూర్చో" అంది. కూర్చుంది.

తిన్నాక సంచి తెరిచి గుడ్డలన్నీ బల్ల మీద పెట్టాను. జేబు ముక్కలు చివర పెట్టాను.

"తప్పయింది" అన్నాను.

ఆవిడ సిరా మరక మీద వేలు పెట్టింది.

"గుడ్డ పోయిందని రాలేదండీ నేను. కత్తెర వేసేముందు నన్నడగాలని మీకు తోచలేదు చూడండి. అందుకొచ్చాను."

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్నేమో. ఏమో మరి. మీకూ తెలీదు, ఇప్పుడు నాకూ తెలీకుండా పోయింది."

పైపులోంచి నీళ్ళు ఎక్కడో కారుతున్న చప్పుడు.

"ముప్పై ఏళ్ళు అటక మీద దాచుకుంటే తప్పు మీ ఒక్కరిదేనా అంటుంది ఇది" అంది చెల్లెల్ని చూపిస్తూ. "నేనే కుట్టుకోవచ్చుగా అని. నిజమే. మిషను తొక్కడం నాకు రాదా? కానీ ఎవరైనా నాకోసం కుడితే వేసుకోవాలనిపించేది. ఊరంతా మీ చేతి బట్ట కట్టుకుని తిరుగుతుంటే చూసి చూసి."

"కుట్టానుగా మొన్న."

"నాకు కుట్టలేదండీ. ఆ పిల్లకి కుట్టారు." కోపం లేదు గొంతులో. "అది ఒళ్ళో పెట్టుకుంటే నాక్కూడా ఆ పిల్ల గుర్తొచ్చింది. మంచిదే పాపం. కానీ అది వెళ్ళిపోయి చాలా రోజులైంది. మీరింకా దాన్నే చూస్తున్నారు, నేనెదురుగా కూర్చుని కాజాలు వేస్తుంటే."

నేను లేచి టేపు తీశాను. "నిలబడు."

"ఇక్కడా?"

"ఇక్కడే. అక్కడ రాయడానికి మనిషి లేదు."

మరదలు విత్తనాల పొట్లం వెనక్కి తిప్పి పెన్సిలు పట్టుకుంది. ఆవిడ మగ చొక్కా విప్పి నిలబడింది, చేతులు దూరం పెట్టి, కొలతలిచ్చే మనుషులందరూ నిలబడ్డట్టే. టేపు వెనక నించి తిప్పాను. నా చేతులు ఎన్ని వేల మందికి కొలత తీశాయో. ఇవాళ టేపు అంచు దొరకలేదు.

"ఊపిరి బిగబట్టకు. మామూలుగా తీసుకో."

"మీరింత దగ్గరగా నిలబడితే మామూలుగా ఎలా తీసుకోను" అంది. మరదలు పక్కకి తిరిగింది.

"భుజం, పదిహేనున్నర. ఛాతీ, నలభై ఒకటి. నడుము, ముప్పై ఎనిమిది. తుంటి, నలభై నాలుగు."

"గట్టిగా అరవకండి, మొక్కలు వింటాయి."

ఎడం భుజం కుడిదానికన్నా కిందికి ఉంది. ముప్పై ఏళ్ళు వంగి కాజాలు వేస్తే అలా దిగుతుంది. అది కూడా రాయమన్నాను. మరదలి చెయ్యి ఇంకా కుదురుకోలేదు, అంకెలు ఒక్కోటీ ఒక్కో దిక్కుకి వాలాయి.

గుడ్డలు ఆవిడే ఎంచింది. ఒంటికి నీలం చుక్కలది సరిపోదు, చందనం రంగు కర్టెను గుడ్డతో చొక్కా, చేతులకీ మెడ పట్టీకీ నీలం. పైజమాకి గళ్ళది. "జేబులు కావాలి, లోతుగా. కత్తెర పట్టాలి, మొక్కలు కత్తిరించేది. ఈ రెండు ముక్కలూ వాటికే వెయ్యండి. సిరా మరక లోపలికి కాదు, కనిపించేలా బయటికి."

"కనిపించేలానా?"

"ఆఁ. మీకు."

బస్సు వేళైంది. గేటు దాకా వచ్చింది. ఎప్పుడొస్తావని అడగలేక, "కాజాలు ఎవరూ వెయ్యడం లేదు" అన్నాను. అంటూనే నాలిక కరుచుకున్నాను.

ఆవిడ నా వైపు చూసింది, నీళ్ళ పైపు వైపు చూసింది.

"నాకిక్కడ బావుందండీ. చెప్పకపోతే మళ్ళీ మీకు తోచదు. వారంలో నాలుగు రోజులు ఇక్కడుంటాను. మూడు రోజులు వస్తాను. కాజాలు మీరు వేసుకోండి. మొన్నటి చొక్కాకి చూశాను, మూడోది బానే వచ్చింది."

బస్సులో ఇంటిదాకా నిలబడే వచ్చాను. సీటుందని కండక్టరు రెండుసార్లు చెప్పాడు.

జూన్ 23, సోమవారం

నాలుగు రోజులంటే వారంలో సగం కన్నా ఎక్కువ. కోపం వచ్చింది. కూర చెయ్యబుద్ధి కాలేదు. మధ్యాహ్నం మిషను దగ్గర కూర్చుని విత్తనాల పొట్లం ఎదురుగా పెట్టుకున్నాను. బంతి విత్తనాలు. వెనకాల ఆ వంకర అంకెలు.

తొమ్మిదో పుస్తకం తెరిచి మొదటి పేజీలో ఎక్కించాను. పేరు రాసేచోట ఏం రాయాలో కాసేపు తెలియలేదు. ఎవరికి ఎలా రాస్తానో అలాగే ఆవిడ పేరు పూర్తిగా రాశాను.

జూన్ 26, గురువారం

మూడు రోజులు వేరే పని ముట్టలేదు. ఎడం భుజం కుట్టు అరంగుళం దించాను, అప్పుడే మెడ పట్టీ వంకర లేకుండా నిలబడింది. పైజమా నడుముకి వెనక సగం ఎలాస్టిక్, ముందు బొందు. వంగినా కూర్చున్నా పట్టదు. జేబు రెండు పొరలు వేశాను. పల్చబడ్డచోట లోపల వేరే ముక్క అతికించాను, మరక జోలికి పోలేదు.

కాజాలు ఐదు. మొదటిది విప్పి మళ్ళీ వేశాను.

జూన్ 27, శుక్రవారం

వచ్చింది. మధ్యాహ్నం బస్సుకి. చేతిలో రెండు మొక్కలు. గుమ్మానికి అటొకటి ఇటొకటి పెట్టి, "వీటికి రోజూ నీళ్ళు, మర్చిపోతే ఫోను చేసి అడుగుతా" అంది.

మొహం కడుక్కుని బట్టలు పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. నేను కత్తెరకి పదును పెడుతున్నట్టు కూర్చున్నాను. ఎంతసేపటికీ రాదు. వచ్చింది. చేతులు పైకెత్తింది, దించింది, వంగింది, జేబుల్లో రెండు చేతులూ పెట్టుకుని అటూ ఇటూ నడిచింది. మిల్లులో గుడ్డ చెంపకి ఆనించుకున్న పిల్ల కనిపిస్తుందేమోనని చూశాను. కనిపించలేదు. కొంచెం లావైన, ఒక భుజం దిగిన, మోచేతుల దాకా ఎండకి కమిలిన మనిషి నిలబడి ఉంది. బట్ట ఆ మనిషికి అతికినట్టు ఉంది.

"చంక దగ్గర కొంచెం పడుతోంది" అంది.

"విప్పి వదులుతాను. ఇప్పుడే ఇవ్వు."

"ఇప్పుడివ్వను. రేపు" అని ముందు గదిలో మిషను పక్కన చాప వేసుకుని పడుకుంది. రెండు నిమిషాల్లో నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. ఒక చెయ్యి జేబులోనే ఉంది.

కొట్టు పెట్టిన ఇన్నేళ్ళలో ఈ మనిషి పగటిపూట పడుకోవడం నేను చూడలేదు. ఎలా పడుకుంటుంది, పక్కన నేను మిషను తొక్కుతుంటే.

పెళ్ళివారి చొక్కాలు మూడున్నాయి, సాయంత్రానికి ఇస్తానన్నాను. కండక్టరు బంధువు వాటికోసం మెట్టెక్కాడు. వేలు పెదవుల మీద పెట్టి ఎదురెళ్ళాను.

"రేపు పొద్దున రండి" అన్నాను మెల్లిగా.

"అదేంటి మాస్టారూ, మీరు మాట తప్పరంటారే."

"పడుకుంది" అని, తలుపు దగ్గరగా వేశాను.